మాయాజీవికి ఊరూ పేరూ వెతకడం ఎలా

అద్భుత కథ రాయాలని కూర్చున్న తెలుగువారికి మొదట గుర్తుకొచ్చే జీవులు చాలావరకు సినిమా తెర మీద నుంచో, ఫోనులోని ఆటల్లో నుంచో వచ్చినవే అయి ఉంటాయి. మంటలు కక్కే డ్రాగన్, నుదుట ఒంటికొమ్ము ఉన్న తెల్ల గుర్రం, బూడిదలోంచి లేచే పక్షి, పౌర్ణమినాడు తోడేలుగా మారే మనిషి. వాటిని వాడుకోవడంలో తప్పేమీ లేదు. కథలు ఎల్లలు దాటి తిరగడం ఈనాటిది కాదు. అయితే ఆ జీవి ఏ నేల మీద పుట్టిందో, ఏ భయం దాన్ని పుట్టించిందో, ఏ కట్టుబాటుకు అది లోబడి ఉంటుందో రాసేవారికే తెలియనప్పుడు, అది కథలోకి వచ్చి, గర్జించి, కత్తివేటుకు చచ్చిపోవడం తప్ప మరేమీ చేయలేదు.

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఉండే తెలుగువారికి ఈ విషయంలో ఒక వెసులుబాటు ఉంది. ఇంట్లో తెలుగు పురాణం, వీధిలో ఒడియా జాతర, కొండల మీద సవరలు, కోదులు అనే గిరిజనుల నమ్మకాలు అన్నీ చెవిన పడేంత దగ్గరలో ఉంటున్నాం. వాటిని, దూరదేశాల జీవుల చరిత్రను పక్కపక్కన పెట్టుకుని ఒక మాయాజీవిని ఎలా పరిశోధించాలో, సొంత కథకు ఎలా మలచుకోవాలో ఈ వ్యాసంలో వివరిస్తాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రూపం దగ్గర మొదలుపెట్టకండి. రెక్కలెన్ని, కోరలెంత పొడవు, కళ్ళ రంగేమిటి అన్నవి చివర తేల్చుకోవలసిన సంగతులు. జీవి ఎలా పుట్టింది, దేనికి కట్టుబడింది అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికాక రూపం కోసం పెద్దగా తడుముకోవలసిన పని ఉండదు.

ముందు పొరలు విప్పండి

ఒక జీవిని ఎంచుకున్నాక దాని గురించి మీకు తెలిసినవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. తరువాత ప్రతి వాక్యం పక్కన, ఆ మాట ఎవరు ఎప్పుడు చెప్పారో వెతికి రాయండి. ఈ పని చేస్తే, ఎంతో పురాతనమని మనం అనుకునే లక్షణాల్లో కొన్ని నిన్నగాక మొన్న చేరినవని తెలుస్తుంది. తోడేలు మనిషినే తీసుకోండి. గ్రీకుల కథలో లైకయాన్ అనే రాజు దేవతల రాజుకు నరమాంసం వడ్డించి, ఆ పాపానికి తోడేలైపోయాడు. అక్కడ వెన్నెల ప్రసక్తి లేదు, వెండి తూటా లేదు. తోడేలు మనిషికి పౌర్ణమితో విడదీయరాని ముడి పడింది ప్రధానంగా 20వ శతాబ్దపు సినిమాల వల్లనే. వెన్నెలను తీసివేసి చూస్తే, అతిథికి పెట్టకూడనిది పెట్టిన ఆతిథేయి కథ మిగులుతుంది. అతిథిని దేవుడనే మన సమాజంలో ఆ కథకు ఎంత పదును ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

ఫీనిక్స్ సంగతీ అంతే. క్రీ.పూ. 5వ శతాబ్దికి చెందిన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఈజిప్టులో ఈ పక్షిని గురించి విన్నాడు. తాను దాన్ని బొమ్మలో తప్ప చూడలేదని కూడా చెప్పాడు. ఆయన రాసిన ప్రకారం అది 500 ఏళ్ళకొకసారి అరేబియా నుంచి వస్తుంది. చనిపోయిన తండ్రి దేహాన్ని సుగంధపు బంకతో చేసిన గుడ్డు లోపల పెట్టి, సూర్యుడి ఆలయానికి మోసుకువస్తుంది. మంట, బూడిద, పునర్జన్మ అన్నవి తరువాతి వారు చేర్చిన పొరలు. తండ్రి అస్థికలు పట్టుకుని గంగకు బయలుదేరే కొడుకులా కనిపించే ఈ పాత పక్షిని ఇంతవరకు తెలుగు కథలో ఎవరైనా వాడుకున్నారో లేదో గాని, నిప్పుల్లోంచి లేచే పక్షి కంటే నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది.

ఒంటికొమ్ము గుర్రం చరిత్ర మరీ విచిత్రమైనది. పర్షియా రాజుల కొలువులో వైద్యుడిగా పనిచేసిన టీసియస్ అనే గ్రీకువాడు, క్రీ.పూ. 400 ప్రాంతంలో, భారతదేశానికి ఎన్నడూ రాకుండానే భారతదేశం గురించి ఒక పుస్తకం రాశాడు. ఇక్కడ గుర్రం కంటే పెద్దవైన అడవి గాడిదలు ఉంటాయని, వాటి ఒళ్ళు తెలుపు, తల ముదురు ఎరుపు అని, నుదుటి కొమ్ము మొదట తెల్లగా, నడుమ నల్లగా, కొసన ఎర్రగా ఉంటుందని, ఆ కొమ్ముతో చేసిన పాత్రలో తాగినవారిని విషం ఏమీ చేయలేదని అందులో చెప్పాడు. మన ఖడ్గమృగం గురించిన మాటలు చేతులు మారి మారి అక్కడికి చేరి ఉంటాయని పండితుల ఊహ. మధ్యయుగాల ఐరోపాలో అదే జంతువు కన్యపిల్ల ఒడిలో తల పెట్టుకునే సాధుజీవిగా మారింది. ఉత్తర సముద్రాల్లో దొరికే నార్వాల్ అనే జలచరం దంతాన్ని దాని కొమ్మని చెప్పి శతాబ్దాల పాటు భారీ ధరలకు అమ్ముకున్నారు. పరాయిదని మనం అనుకునే ఈ జీవి మొదట మన పేరుతోనే పుట్టిందన్నమాట.

డ్రాగన్ విషయంలో మాత్రం ఒక హెచ్చరిక అవసరం. ఐస్లాండులో 13వ శతాబ్దంలో రాసిన కథల్లో ఫాఫ్నిర్ అనేవాడు బంగారం కోసం తండ్రిని చంపి, ఆ బంగారం మీద పడుకుని, చివరకు మహాసర్పమైపోతాడు. అక్కడ డ్రాగన్ అంటే ఆశపోతుగా మారిన మనిషి. చైనా డ్రాగన్ వానలు కురిపించే జలాధిపతి. మన నాగులకేమో రాజ్యాలున్నాయి, వంశాలున్నాయి, మనుషులతో పెళ్ళిళ్ళు కూడా ఉన్నాయి. అర్జునుడు ఉలూపిని చేపట్టలేదా? మూడింటికీ పొడవాటి ఒళ్ళు ఉందికదా అని ఒకే గాటన కడితే మూడూ చెడతాయి. మీ కథకు ఆ మూడు పనుల్లో ఏది కావాలో తేల్చుకుని, దానికి తగిన జీవిని తెచ్చుకోండి.

జన్మ ఎలాంటిదో తేల్చండి

మన పురాణాల్లోనూ జానపద కథల్లోనూ వింత జీవులు పుట్టే దారులు కొన్నే. వంశం వల్ల పుట్టేవి, శాపం వల్ల మారేవి, చావు తరువాత మిగిలిపోయేవి, పలు జంతువుల అవయవాలు కలిసి ఏర్పడేవి, ఒక చోటును అంటిపెట్టుకుని ఉండేవి. మీ జీవి వీటిలో ఏ దారిన వచ్చిందో చెప్పలేకపోతే ఇంకా రాయడం మొదలుపెట్టవద్దు.

వంశం దగ్గర కొంతసేపు ఆగాలి, ఎందుకంటే మన కథల బలమంతా అక్కడే ఉంది. కశ్యపుడికి దితి వల్ల దైత్యులు, దనువు వల్ల దానవులు, అదితి వల్ల ఆదిత్యులు, కద్రువ వల్ల పాములు, వినత వల్ల అనూరుడు, గరుత్మంతుడు కలిగారు. దేవదానవులు, పక్షులు, సర్పాలు అందరూ ఒక తండ్రి బిడ్డలే కాబట్టి, మన పురాణంలోని మహాయుద్ధాలన్నీ లోతుగా చూస్తే సవతితల్లుల బిడ్డల తగాదాలు. నన్నయ ఆదిపర్వంలో చెప్పిన కద్రూవినతల కథను ఈ దృష్టితో మళ్ళీ చదవండి. కద్రువ గుడ్లు ముందుగా పొదగబడి పాములు పుట్టాయని చూసి ఓర్వలేక, వినత తన రెండు గుడ్లలో ఒకదాన్ని తొందరపడి చిదిమింది. నడుము కింది భాగం ఏర్పడని అనూరుడు బయటికి వచ్చి, సవతికి దాసివి కమ్మని తల్లినే శపించాడు. తరువాత ఉచ్చైశ్శ్రవం అనే తెల్లగుర్రం తోక నలుపా తెలుపా అని అక్కచెల్లెళ్ళు పందెం వేసుకున్నారు. పందెంలో గెలవడానికి ఆ తోకకు చుట్టుకుని నల్లగా కనిపించమని కద్రువ బిడ్డలను ఆజ్ఞాపించి, కాదన్నవారిని సర్పయాగంలో చావమని శపించింది. దాసి అయిన తల్లిని విడిపించడానికి గరుత్మంతుడు అమృతం తెచ్చి దర్భల మీద పెట్టాడు. పాములు స్నానం చేసి వచ్చేలోగా ఇంద్రుడు దాన్ని పట్టుకుపోయాడు. పాములు ఉత్త దర్భలను నాకగా వాటి నాలుకలు చీలిపోయాయి.

రచన నేర్చుకునేవారు ఇక్కడ గమనించవలసిన పనితనం ఒకటి ఉంది. సూర్యుడి సారథికి తొడలు లేకపోవడం, పాముకు రెండు నాలుకలు ఉండడం, గద్దకు పాముపై పగ ఉండడం, ఇవేవీ వింత కోసం పెట్టిన అలంకారాలు కావు. ఒంటి మీది ప్రతి గుర్తు వెనుకా ఒక సంఘటన ఉంది. ఆ సంఘటన వెనుక తల్లుల అసూయ, తొందర, మోసం ఉన్నాయి. మీ జీవికి మూడో కన్ను పెట్టదలచుకుంటే, ఆ కన్ను ఏ రోజున, ఎవరి వల్ల వచ్చిందో ముందు రాసుకోండి. అందుకు జవాబు లేకపోతే రెండు కళ్ళతోనే సరిపెట్టండి.

శాపం వల్ల మారిన జీవికి గతజన్మ ఉంటుంది కాబట్టి, అది రాక్షసంగా ప్రవర్తిస్తున్నప్పుడు కూడా పాఠకుడికి దాని మీద జాలి కలిగించవచ్చు. గజేంద్రమోక్షంలో ఏనుగు కాలు పట్టిన మొసలి, దేవలుడి శాపం తగిలిన హూహూ అనే గంధర్వుడు. ఏనుగు కూడా అగస్త్యుడి శాపం పొందిన ఇంద్రద్యుమ్న మహారాజే. ఇద్దరు శాపగ్రస్తులు నీటిలో ఏళ్ళ తరబడి పెనుగులాడుతున్నారని తెలిసి చదివితే ఆ పోరాటం రుచే మారిపోతుంది. గానం చేసిన గొంతు ఇప్పుడు నీటి అడుగున నోరు విప్పలేకపోతోందన్న ఒక్క ఊహ మీద ఒక కథ మొత్తం నిలబడగలదు.

చావు తరువాత మిగిలిపోయేవాటిని రాసేటప్పుడు ఆ చావు ఎలాంటిదో అడగండి. ఒడియా ఇళ్ళలో వినిపించే చిరగుణి గర్భంతో గాని ప్రసవంలో గాని చనిపోయిన స్త్రీ; ఉత్తరాదిలో చుడైల్ అన్నా, మలయా దీవుల్లో పొంటియానాక్ అన్నా కథ దాదాపు ఇదే. ఒకరికొకరు తెలియని ఊళ్ళలో ఒకే దయ్యం ఎందుకు పుట్టింది? పురిటి మంచం మీద చావు అన్ని ఊళ్ళలోనూ ఉంది కనుక. ఈ మూలం పట్టుకుంటే, తెల్లచీర, విరబోసిన జుట్టు, కాలి గజ్జెలు లేకుండానే భయపెట్టవచ్చు. కొరివిదయ్యం, బ్రహ్మరాక్షసుడు, ఒడియా పిల్లల కథల్లోని బూఢీ అసురుణి గురించి ఇక్కడ విడిగా రాయడం లేదు. వాటినీ ఇదే ప్రశ్నతో విచారించుకోవచ్చు.

నవగుంజరం

పలు అవయవాలు కలిసిన జీవులకు మంచి పాఠం మన ముంగిట్లోనే ఉంది. 15వ శతాబ్దంలో సారళా దాసు ఒడియాలో రాసిన మహాభారతంలో, సంస్కృత భారతంలో లేని ఒక ఘట్టం వస్తుంది. కొండ మీద తపస్సు చేసుకుంటున్న అర్జునుడి ముందుకు కృష్ణుడు నవగుంజరం అనే వింత మృగంగా వస్తాడు. దాని తల కోడిపుంజుది, మెడ నెమలిది, మూపురం ఎద్దుది, నడుము సింహానిది, తోక పాము. మూడు కాళ్ళలో ఒకటి ఏనుగుది, ఒకటి పులిది, ఒకటి లేడిది. కొన్ని చిత్రాల్లో లేడికి బదులు గుర్రం ఉంటుంది. నాలుగో కాలు ఉండవలసిన చోట మనిషి చెయ్యి పైకి లేచి, ఒక తామరపువ్వు పట్టుకుని ఉంటుంది.

అర్జునుడు మొదట విల్లెత్తాడు. ఆ తరువాత ఆ చేతిని, చేతిలోని పువ్వును చూశాడు. లోకంలో ఇలాంటి ప్రాణి ఉండదని తెలిసి, వచ్చినది ఎవరో గ్రహించి, విల్లు దించి మొక్కాడు. ఈ ఘట్టం పటచిత్రాల్లోనే కాక గంజపా అనే గుండ్రటి చేతి పేకముక్కల మీద కూడా ఎక్కింది. బట్టను చింతగింజల బంకతో అట్టకట్టించి, సుద్ద పూసి, దాని మీద బొమ్మలు వేసే ఆ ఆటలో ఒక రకానికి నవగుంజరం రాజు, అర్జునుడు మంత్రి. పూరీ దగ్గరి చిత్రకారుల ఊరు రఘురాజపురం వెళ్ళేవారు ఆ ముక్కను చేతిలోకి తీసుకుని కాసేపు పరిశీలించాలని నా సలహా. అరచేతిలో ఇమిడే వృత్తంలో తొమ్మిది ప్రాణులను ఇరికించవలసి వచ్చినప్పుడు చిత్రకారుడు దేన్ని పెద్దది చేశాడో, దేన్ని ఒక్క గీతతో సరిపెట్టాడో చూస్తే, వర్ణనలో ఏది చెప్పాలో ఏది వదలాలో తెలుస్తుంది.

గ్రీకుల గ్రిఫిన్ సింహం ఒంటికి గద్ద తల, రెక్కలు తగిలించుకున్న జీవి. ఉత్తరాన ఎక్కడో బంగారాన్ని కాస్తుంది. అక్కడ కలయిక అంటే బలానికి బలం చేర్చడం. నవగుంజరంలో ఏనుగు, పులి, సింహం అన్నీ ఉన్నా కథను మలుపు తిప్పింది వాటిలో ఏదీ కాదు, అన్నిటికంటే బలహీనమైన మనిషి చెయ్యి. మీరు రెండు మూడు జంతువులను కలిపి ఒక జీవిని చేయదలచుకుంటే, మిగతా అవయవాలతో పొసగని ఒకదాన్ని కావాలని పెట్టండి. కథానాయకుడు దాన్ని గమనించే క్షణాన్ని కథకు కీలకం చేయండి. పూర్తిగా కొత్త కలయిక చేయడానికి జంకనక్కరలేదు. గ్రిఫినుకూ గుర్రానికీ జత కట్టడం అసంభవానికి ఉదాహరణగా రోమన్ కవి వర్జిల్ చెబితే, 1516లో ఇటలీ కవి అరియోస్తో ఆ అసంభవాన్నే హిప్పోగ్రిఫ్ అనే జీవిగా పుట్టించి తన వీరుణ్ణి దాని మీద ఎక్కించాడు.

కట్టుబాటే కథను నడుపుతుంది

భేతాళ కథలు వినని తెలుగువారు ఉండరు కాబట్టి కట్టుబాటు అంటే ఏమిటో దానితోనే చెప్పడం తేలిక. కాశ్మీరానికి చెందిన సోమదేవుడు 11వ శతాబ్దంలో సంస్కృతంలో చెప్పిన రూపంలో, రాజు చెట్టుకు వేలాడే శవాన్ని దించి భుజాన వేసుకుని శ్మశానం వైపు నడవాలి. శవంలోని భేతాళుడు దారి పొడవునా కథ చెప్పి చివర ఒక ప్రశ్న అడుగుతాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది; నోరు విప్పితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. ఈ రెండు వాక్యాల నియమం 25 కథలను మోసింది. భేతాళుడి గోళ్ళు ఎంత పొడవో మనకెవరికీ గుర్తు లేదు, అవసరమూ లేదు.

ఇంకా గొప్ప సంగతి, ఆ నియమాన్ని బలంతో ఎవరూ బద్దలు కొట్టలేదు. ఒక తండ్రి వేరే ఇంటి కూతుర్ని, అతని కొడుకు ఆ కూతురి తల్లిని పెళ్ళాడితే, వారికి పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు అన్న చివరి ప్రశ్నకు రాజుకు నిజంగానే జవాబు తెలియలేదు. అందుకే మాట్లాడలేదు, తెలియక ఊరుకున్నాడు కనుక తల పగలలేదు. వావివరసలు క్షణంలో తేల్చేసే మన పెద్దవాళ్ళకు కూడా ఆ లెక్క తెగదు. నియమంలోని సందు నియమంలోనే దాగి ఉండాలని ఈ ముగింపు నేర్పుతుంది. మీ జీవికి మూడు వాక్యాలు రాసుకోండి. అది ఏమి చేయక తప్పదు, ఏమి చేయలేదు, ఈ రెండూ ఒకదానికొకటి అడ్డుపడే సందర్భం ఏది. మూడో వాక్యం దొరికిన రోజున కథ దొరికినట్టే.

ఇంట్లోనూ వీధిలోనూ సేకరించే పద్ధతి

పెద్దవాళ్ళను దయ్యాల గురించి నేరుగా అడిగితే ఇద్దరిలో ఒకరు నవ్వేస్తారు, మరొకరు అలాంటి మాటలు వద్దంటారు. జీవుల గురించి కాకుండా చోట్ల గురించి అడగడం మంచి ఉపాయం. “అమ్మమ్మా, మీ చిన్నప్పుడు చీకటి పడ్డాక ఏ దారిన వెళ్ళవద్దనేవారు?” అని అడగండి. చింతతోపో, పాడుబడ్డ బావో, ఏటి రేవో బయటికి వస్తుంది. ఎందుకు వద్దనేవారు, ఎవరు చెప్పేవారు, అలా వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అన్న ప్రశ్నలు ఆ తరువాత వాటంతటవే వస్తాయి. ఆమె నమ్ముతున్నదా లేదా అన్నది మీరు తేల్చవలసిన విషయం కాదు. చెప్పేటప్పుడు మధ్యలో సరిదిద్దవద్దు. తెలుగు కథ నడుమ ఒడియా పాట ముక్క వస్తే, విన్న ఉచ్చారణనే తెలుగు లిపిలో రాసుకోండి. అదే కథను చిన్నాన్న వేరే విధంగా చెబితే రెండూ ఉంచుకోండి, ఒకటి తప్పని కొట్టివేయకండి. చెప్పినవారి అనుమతి లేకుండా వారి పేరును, ఇంటి సంగతులను బయటపెట్టవద్దు.

వీధిలో చూడవలసినవాటిలో బరంపురం ఠాకురాణి జాతర ముఖ్యమైనది. రెండేళ్ళకొకసారి బుఢీ ఠాకురాణి తల్లి గుడి విడిచి పుట్టింటికి వస్తుందని నమ్మకం. ఆ పుట్టిల్లు నేతపని వారి పెద్ద అయిన దేశిబెహరాది. మొక్కు తీర్చుకునేవారు రకరకాల వేషాలు కడతారు, అందులో పులివేషం ఒకటి. ఫోనులో వీడియో తీయడం మాని, ఒక్క వేషధారి వెంట కొంతదూరం నడవండి. ఒంటినిండా పసుపురంగు మీద నల్లచారలు దిద్దుకుని తోక కట్టుకున్న మనిషి, డప్పులు ఆగినప్పుడు ఎలా నిలబడతాడు, మళ్ళీ మోత అందుకున్నప్పుడు ముందుగా కదిలేది భుజమా, నడుమా, మెడా? మనిషి పులిగా మారే దృశ్యం రాయడానికి తోడేలు సినిమాలు ఎన్ని చూసినా దొరకని వివరం అక్కడ దొరుకుతుంది. అడవి ఊళ్ళలో ఒడియావారు పాలటా బాఘ అని చెప్పుకునే, రాత్రివేళ పులిగా మారే మనిషి కథలను కూడా ఈ వేషాన్ని చూశాక విని పోల్చుకోండి. ఒకటి మొక్కు కోసం పగటిపూట అందరి ఎదుటా కట్టే పులి, ఇంకొకటి చీకట్లో ఎవరూ చూడకుండా మారే పులి.

చేయి పెట్టే ముందు ఆలోచించవలసినవి

అన్ని నమ్మకాలూ కథకు పనికివచ్చే సరుకు కావు. ఒడియాలో డాహాణి, తెలుగు మన్యంలో చిల్లంగి అంటూ చేతబడి నింద మోపి నిజమైన ఆడవారిని, ముఖ్యంగా దిక్కులేనివారిని, హింసించిన ఘటనలు ఉన్నాయి. దాన్ని అరికట్టడానికి ఒడిశా శాసనసభ 2013లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలామె నిజంగానే మంత్రగత్తె అని తేలే కథ మన జిల్లాల్లో కూర్చుని రాయకూడదన్నది నా ఖచ్చితమైన అభిప్రాయం. ఆ నింద వేసిన ఊరిని గురించి రాయండి, కావలసినంత భయం అందులోనే ఉంది.

సవరల విషయంలో మరొక రకం జాగ్రత్త కావాలి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి వారి భాషను నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1955లో వారి మతం మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. సోనుం అని పిలిచే ఆత్మలతో పూనకంలో మాట్లాడే కురాన్ అనే పూజారులు, ఆ ఆత్మలు వచ్చి నిలవడానికి ఇంటి గోడ మీద వేసే ఇడితాల్ బొమ్మలు, చనిపోయినవారు పాతాళంలో కొంతకాలం ఉండి రెండోసారి చనిపోయి సీతాకోకచిలుకలవుతారన్న నమ్మకం, ఇవన్నీ చదువుతుంటే చేయి ఊరుకోదు. కాని ఇవి అచ్చయిన పురాణాల వంటివి కావు; బతికి ఉన్న కుటుంబాలు తమ తాతముత్తాతలతో మాట్లాడుకున్న పద్ధతి. సవరల్లో చాలామంది ఇప్పుడు క్రైస్తవులు కూడా. అందుచేత పేరు, తంతు, బొమ్మ ఎత్తుకుని వచ్చి కథలో రాక్షసుడికి తగిలించడం మర్యాద కాదు. చనిపోయినవారు రెండోసారి చనిపోగలరన్న ఆలోచన మిమ్మల్ని కదిలిస్తే, ఆ ఆలోచనకు సొంత రూపం కల్పించండి. నియమగిరి కూడా ఇలాంటిదే. ఆ కొండ నియమరాజుదని డొంగరియా కోదుల విశ్వాసం. 2013లో సుప్రీంకోర్టు గనుల విషయాన్ని గ్రామసభలకు వదిలితే 12 సభలూ తవ్వకం వద్దన్నాయి. అంతటి వ్యవహారం ఉన్న కొండ దేవుణ్ణి కథలో చివరి ఆటంకంగా నిలబెట్టి నాయకుడి చేత ఓడించడం అజ్ఞానమే అవుతుంది.

ఒక జీవిని కట్టి చూద్దాం

ఇప్పుడు ఈ పద్ధతిని ఒక కల్పిత జీవి మీద పెట్టి చూపిస్తాను. చోటుగా గుణుపురం దగ్గర వంశధార రేవు తీసుకుందాం. చాలామంది ఇలా మొదలుపెడతారు: “నదిలోంచి పది అడుగుల నల్లని ఆకారం లేచింది, దాని కళ్ళు నిప్పుల్లా మెరిశాయి.” ఈ ఆకారాన్ని గోదావరికి గాని గంగకు గాని మార్చినా తేడా రాదు కాబట్టి దీన్ని పక్కన పెట్టండి.

ముందు జన్మ. ఇది చావు తరువాత మిగిలిపోయిన జీవి. పూర్వం వరదరాత్రి ఒక పురిటి మనిషిని అవతలి ఒడ్డుకు చేర్చడానికి కూలి పుచ్చుకుని, భయపడి నడుమ నుంచే వెనక్కు తిప్పిన పడవవాడు. తరువాత కట్టుబాటు. రేవులో ఎవరు పిలిచినా దాటించక తప్పదు, కాని తాను ఏ ఒడ్డునా కాలు పెట్టలేడు. కూలిగా డబ్బు పుచ్చుకోడు; అవతల ఎవరు ఎదురుచూస్తున్నారో పడవెక్కినవారు నిజం చెప్పడమే అతని కూలి. ఇక రెండింటికీ ఘర్షణ. ఎదురుచూసేవారు ఎవరూ లేని ఒక అమ్మాయి పడవెక్కుతుంది. దాటించక తప్పదు, కూలి లేకుండా దాటించలేడు. పైన వంతెన వచ్చాక ఆ రేవుకు పిలిచేవారే లేరన్నది ఈ జీవి ఆకలి.

రూపం ఇప్పుడు చూడండి. “గెడ పట్టిన చేతులు మాత్రమే దీపం వెలుగులోకి వచ్చాయి. అరచేతుల్లో గెడ ఒరుసుకున్న చోట చర్మం కాయ కాసి, నానిపోయి, తెల్లగా ఉబ్బి ఉంది. పడవ ఒడ్డుకు ఆనలేదు. మూరెడు దూరంలో ఆగింది. ‘ఎక్కు తల్లీ, అవతల ఎవరున్నారు నీకు?’ అన్నాడు.” పది అడుగుల ఎత్తు గాని, నిప్పు కళ్ళు గాని అవసరం పడలేదు. కాయ కాసిన చేతులు వృత్తి నుంచి, మూరెడు దూరం కట్టుబాటు నుంచి, ప్రశ్న అతని అపరాధం నుంచి వచ్చాయి. ఆడపిల్లను తల్లీ అని పిలవడం వల్ల అతను ఏ వయసువాడో కూడా వేరే చెప్పకుండానే తెలిసింది.

మొదటి ప్రతి పూర్తయ్యాక రెండు పరీక్షలు పెట్టండి. జీవిని తీసివేసి దాని చోట ఒక దొంగను పెట్టి చదవండి. కథ అలాగే నడిస్తే జీవికి ఇంకా పని కల్పించలేదన్నమాట. చోటు పేరు మార్చి చదవండి. ఏ వాక్యమూ ఇబ్బంది పడకపోతే నేల ఇంకా కథలోకి రాలేదన్నమాట. రెండూ దాటిన ప్రతిని ఒడియా బాగా వచ్చిన ఒకరికి, ఆ రేవు చుట్టుపక్కల పెరిగిన ఒకరికి వినిపించి, పేర్లు, పిలుపులు, పూజల వివరాలు సరిచూడమనండి. వారు ఫలానా మాట మా ఇంట్లో అనరు అంటే వాదించకుండా మార్చండి. బొమ్మ వేసే మిత్రుడికి కథ పంపడం ఆ మార్పులన్నీ అయిన తరువాతే పెట్టుకోండి.